సొట్ట తీసిన బండి

ఆ వీధిలో అతన్ని అందరూ నిద్ర మేస్త్రి అంటారు. ఎదురుగా అనరు. అన్నా అతను పట్టించుకునే రకం కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు, జనమంతా ఊపిరి సలపని పనుల్లో ఉన్న వేళ, ఇంటి ముందున్న రేకుల షెడ్డులో, ఇనుము చెక్కే లేతు మిషనుకీ తలుపుకీ మధ్య మడత మంచం వేసుకుని గుర్రుపెట్టే మనిషిని ఇంకేమనాలి? పైగా ఆ నిద్ర కూడా పనిలో భాగమేనని వాదిస్తాడు.

అతను చేసేది పాత మోటారు సైకిళ్లు కట్టడం. కట్టడమంటే బాగుచేయడం కాదు. ఒక బండి చట్రం, ఇంకో బండి ఇంజను, తుప్పు కుప్పలో దొరికిన హెడ్‌లైటు గిన్నె, తన చేత్తో రేకు వంచి చేసిన మడ్‌గార్డు, ఇవన్నీ కలిసి ఒక బండి అవుతాయి. అలాంటి బండి అంతకు ముందు ఎక్కడా ఉండదు. చూసినవాళ్లకు మాత్రం, చిన్నప్పుడెప్పుడో ఇది మన వీధిలోంచే వెళ్లింది కదూ అనిపిస్తుంది.

అయితే ఏ బండైనా ముందు అతని కలలోకి రావాలి. అదీ షరతు. కలలో ఎప్పుడూ ఒకటే రోడ్డు. ఏ ఊరిదో తెలియదు. ఎండ పల్చగా ఉంటుంది, గాలి ఉంటుంది గానీ దుమ్ము ఉండదు. ఆ రోడ్డు మీద బండి ఒక్కటే నిలబడి ఉంటుంది. అతను తాపీగా దాని చుట్టూ తిరుగుతాడు. ట్యాంకు వంపు ఎంత, హ్యాండిలు ఎంత వెనక్కి రావాలి, సీటు ఎంత ఎత్తులో ఉండాలి, అన్నీ చూసుకుంటాడు. లేచి, మొహమైనా కడుక్కోకుండా, సుద్దముక్కతో షెడ్డు గచ్చు మీద గీసేస్తాడు. కలలోకి రాని బండి మీద పానా పెట్టడు. ఒకాయన బండి ఐదు వారాలు రాలేదు. ఆయన వారం వారం వచ్చి, మంచం పక్కన నిలబడి, నిద్రపోతున్న మేస్త్రిని ఆశగా చూసి వెళ్లిపోయేవాడు.

"ఇంకా దర్శనమివ్వలేదా మీ మహారాణి?" అని అతని భార్య టీ గ్లాసు పెడుతూ అడిగేది.

ఆమె కుట్టుపని చేస్తుంది. లోపలి గదిలో ఆమె మిషను, బయట షెడ్డులో అతని మిషను, మధ్యలో ఒక గోడ. అతను కట్టిన ప్రతి బండికీ సీటు ఆమే కుడుతుంది. తోలు ముక్కను చేత్తో ఒకసారి నిమిరి, ఇది సాగుతుంది, ఇది సాగదు అని చెప్పేస్తుంది. కానీ మూడేళ్లుగా ఆమె ఏ బండీ ఎక్కలేదు. సీటు కుడుతుంది, సీటు మీద కూర్చోదు. వాళ్ల అన్నయ్య పోయిన దగ్గర్నుంచి అంతే. ఆయన గురించి మాట్లాడదు కూడా. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్లి నీళ్లు తాగి వస్తుంది.

మేస్త్రి మంచివాడే. కాకపోతే అతనిలో ఒక గుణం ఉంది. అతని చూపు ముందు యంత్రం మీద పడుతుంది, మనిషి మీద తర్వాత పడుతుంది. నాలుగిళ్ల అవతల ఉండే లెక్కల మాస్టారు ఒకసారి వర్షంలో స్కూటరుతో సహా వీళ్ల గుమ్మం ముందే జారిపడ్డారు. మేస్త్రి పరుగున వెళ్లాడు. స్కూటరు లేపాడు, పెట్రోలు కట్టేశాడు, హ్యాండిలు వంకర పోయిందా లేదా చూశాడు, స్టాండు వేశాడు. అప్పటిదాకా మాస్టారు నీళ్లలోనే ఉన్నారు. "నాయనా, ఆవిడ క్షేమమేనా? అయితే నన్ను కూడా కాస్త చూడు" అన్నారట. ఈ కథ మాస్టారు ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటారు. ప్రతిసారీ అందులో వర్షం కొంచెం పెరుగుతుంది.

ఇలాంటి ఇంటికి ఒక పొద్దున ఆటో ట్రక్కులో ఏడు అట్టపెట్టెలు వచ్చాయి. వాటితో పాటు ఒక చట్రం, రెండు చక్రాలు, పాత దుప్పటిలో మూటగట్టిన పెట్రోలు ట్యాంకు. పంపింది మేస్త్రి భార్యకు వదిన, పోయిన అన్నయ్య భార్య. చిన్న ఇంట్లోకి మారుతోందట, పెట్టుకోవడానికి చోటు లేదట.

అది అన్నయ్య బండి. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. మెకానిక్ కాదు. అయినా ఒక సెలవు రోజున బండినంతా విప్పి పెట్టెల్లో సర్ది, "ఒక్క నెలలో బిగించేస్తా, చూస్తూ ఉండండి" అన్నాడు. నేను చేస్తాను బావా అని మేస్త్రి ఎంత చెప్పినా వినలేదు. "నీ బండ్లు నువ్వు కట్టుకో బావా, నా బండి నేనే కడతా" అన్నాడు. ఆ నెల పూర్తికాకముందే మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు.

పెట్టెలు దించుతున్నంతసేపూ మేస్త్రి భార్య గడపలో నిలబడి ఉంది. దుప్పటి మూట దగ్గరికి వచ్చింది గానీ విప్పలేదు.

"ఏమండీ, అన్నయ్య బండి కట్టి పెడతారా?" అంది.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ షెడ్డు నుంచి ఆమె తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు. మేస్త్రి చేతిలోని పెట్టె కింద పెట్టాడు.

"కట్టకపోతే నేనెందుకు? కడతాను" అన్నాడు.

"అయ్యేదాకా నేను చూడను. అయ్యాక పిలవండి."

ఆ మధ్యాహ్నమే బండి కలలోకి వచ్చింది. అంత తొందరగా ఏదీ రాలేదు. అదే రోడ్డు, అదే పల్చటి ఎండ. చెరువు నాచు రంగులో ట్యాంకు, దాని అంచున సన్నటి మీగడ రంగు గీత, వెనక్కి వంగిన పొడవాటి హ్యాండిలు. చూసి అతనికి ఒళ్లు పులకరించింది. ఒక్కటే కొత్త. ఈసారి బండి రోడ్డు మధ్యలో లేదు. ఒక పాత గోడకు ఆనించి ఉంది, ఎడమ పక్క గోడవైపు ఉంది. అవతలికి వెళ్లి చూద్దామని రెండుసార్లు ప్రయత్నించాడు. గోడ ఎంత దూరం నడిచినా అయిపోలేదు. లేచాక దాని గురించి ఆలోచించలేదు. కుడి పక్క ఎలా ఉందో ఎడమ పక్కా అలాగే ఉంటుంది, అందులో ఆలోచించేదేముంది?

మూడు నెలలు పట్టింది. సగం సామాన్లు పెట్టెల్లో లేవు. లేనివి లేతు మీద తానే చేశాడు. రెండు చక్రాల చువ్వలూ ఒక్కొక్కటే మీటి, శబ్దం విని బిగించాడు. ఇంజనులో ప్రతి భాగమూ కిరోసిన్‌లో కడిగి, పాత చీర పేలికతో తుడిచాడు. సీటు కొలతలు మాత్రం భార్యకు కాగితం మీద ఇచ్చాడు. ఆమె ఏమీ అడగకుండా గోధుమ రంగు తోలుతో కుట్టి ఇచ్చింది.

అన్నిటికన్నా అతను ప్రాణం పెట్టింది ట్యాంకు మీద. దుప్పటి విప్పగానే ఎడమ పక్క, మోకాలు తగిలేచోట, అరచేయి పట్టేంత సొట్ట కనబడింది. బావ ట్యాంకుకు ఎప్పుడూ తొడుగు వేసి ఉంచేవాడు, అందుకే అది ఇన్నాళ్లూ మేస్త్రి కంటపడలేదు. ఎప్పటిదో, దాని అడుగున రంగు కూడా అరిగిపోయి నున్నగా ఉంది. మేస్త్రి మనసు చివుక్కుమంది. పాపం బావ, ఇన్నేళ్లూ దీన్ని ఇలాగే వదిలేశాడే అనుకున్నాడు.

ట్యాంకులో సొట్ట తీయడం కంటితో చేసే పని కాదు. ట్యాంకు మూత కన్నంలోంచి కొస వంచిన ఇనప కడ్డీ లోపలికి పంపాలి. కళ్లు మూసుకోవాలి. ఒక చేత్తో బయట తడుముతూ, ఇంకో చేత్తో లోపలి నుంచి కొంచెం కొంచెంగా నెట్టాలి. ఎక్కువ నెడితే బయటికి బొడిపె వస్తుంది, ఇక దానితో జన్మంతా తంటా. తొమ్మిది రోజులు ఆ సొట్ట మీదే కూర్చున్నాడు. పుట్టీ పెట్టి కప్పేస్తే ఒక పూటలో అయ్యేది. కానీ ఇది ఆమె అడిగిన బండి. పుట్టీ చుక్క కూడా వాడలేదు. ఉప్పుకాగితంతో రుద్ది, రంగు వేసి, మళ్లీ రుద్ది, మళ్లీ వేసి, చివరికి సొట్ట ఎక్కడుండేదో అతనికే తెలియకుండా పోయింది. తన పనితనానికి తానే మురిసిపోయి, ఆ రోజు మధ్యాహ్నం మామూలుకన్నా గంట ఎక్కువ నిద్రపోయాడు.

బండి అయిన రోజు పొద్దున్నే షెడ్డు ఊడ్చి, నీళ్లు చల్లి, తలుపులు బార్లా తీసి ఆమెను పిలిచాడు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గడపలో ఒక్క క్షణం ఆగింది. హ్యాండిలు చూడలేదు, తను కుట్టిన సీటు చూడలేదు, మూడు రోజులు తోమిన సైలెన్సరు వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా ఎడమ పక్కకు వెళ్లి ట్యాంకు మీద అరచేయి పెట్టింది. ఆ చేయి కిందికి జరిగింది. మళ్లీ పైకి వచ్చింది. కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు, ఆ నున్నటి రంగు మీద వెతికింది. తర్వాత ఆగిపోయింది.

"బాగుందండీ. చాలా బాగుంది" అంది.

లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి కుట్టు మిషను చప్పుడు మొదలైంది. మేస్త్రి చెవికి యంత్రాల సంగతి బాగా తెలుసు. సూది కింద గుడ్డ ఉంటే ఒక చప్పుడు, లేకపోతే ఇంకో చప్పుడు. మిషను ఉత్తినే తిరుగుతోంది. అలా చాలాసేపు తిరిగింది.

ఏం తప్పు జరిగిందో అతనికి అంతుపట్టలేదు. రంగు ముదురైందేమో అనుకున్నాడు. హ్యాండిలు బావ బండికి ఉన్నట్టు లేదనేమో అనుకున్నాడు. అడిగితే "అన్నీ బాగున్నాయి, నాకే తలనొప్పిగా ఉంది" అంటుంది. నాలుగు రోజులైనా తలనొప్పి తగ్గలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె షెడ్డు వైపు రాలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లిపోయేది.

ఆదివారం నాడు ఆమె వదిన వచ్చింది. బండి చూడగానే రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"అన్నయ్యగారూ, ఎంత బాగా కట్టారండీ! ఆయన చూస్తే ఎగిరి గంతేసేవారు" అంటూ చుట్టూ తిరిగింది. ఎడమ పక్కకు వెళ్లి వంగి చూసింది. "అయ్యో, సొట్ట ఏదీ?"

"తీసేశాను చెల్లెమ్మా. తొమ్మిది రోజులు పట్టింది" అన్నాడు మేస్త్రి, మెచ్చుకుంటుందేమోనని.

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. "అది మీ ఆవిడ పెట్టిందండీ. పద్నాలుగేళ్లప్పుడు అన్నయ్య దగ్గర బండి నేర్చుకుంటూ కల్వర్టు రాయికి గుద్దింది. మా ఆయన దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. బండి కడిగినప్పుడల్లా బొటనవేలితో రుద్దేవారు. డెంటింగువాడు ఊరికే తీసిపెడతానంటే వాడి మీద గొడవకు పోయారు. 'ఇది మా చెల్లెలి సంతకం, నువ్వెవడివి చెరపడానికి?' అని."

మేస్త్రి వెనక్కి తిరిగాడు. భార్య టీ పళ్లెంతో గడపలో నిలబడి ఉంది. అంతా వింది.

వదిన వెళ్లిపోయాక అతను కుట్టు మిషను దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "నాతో ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాడు.

"మీరు అడగలేదుగా. సొట్ట కనబడగానే తీయాలని తోచింది మీకు. ఎలా వచ్చిందా అని తోచలేదు."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండునని అతనికి అనిపించింది.

"మళ్లీ పెడతాను. అదే చోట, అదే లోతు. నా వేళ్లకు గుర్తుంది, వెంట్రుకవాసి తేడా రాదు."

"మీరు పెట్టిన సొట్ట నాకెందుకండీ?"

ఆ మాటతో నిద్ర మేస్త్రికి నిద్ర పోయింది. నమ్మరు గానీ నిజం. మధ్యాహ్నం రెండింటికి మంచం వేసుకుంటాడు, కళ్లు మూసుకుంటాడు, రేకుల మీద కాకుల నడక వింటూ పడుకుంటాడు. నిద్ర రాదు. నిద్ర లేకపోతే కల లేదు, కల లేకపోతే పని లేదు. కట్టాల్సిన బండ్లు రెండు మూల కూర్చుని అతని మొహం చూస్తున్నాయి. లెక్కల మాస్టారు రోజూ తొంగి చూసి, "ఏమయ్యా, మెలకువగా ఉన్నావేం? ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడేవారు. నాచు రంగు బండి మీద దుప్పటి కప్పేశాడు. అది అదే పాత దుప్పటి.

నిద్ర రాని మనిషికి ఆలోచనలు వస్తాయి. పదహారు మధ్యాహ్నాలు అతను ఒక్క విషయమే ఆలోచించాడు. తన వేళ్లకు ఆ సొట్ట లోతు తెలుసు, అంచులు తెలుసు, ఏ వైపు నుంచి దెబ్బ తగిలిందో కూడా తెలుసు. కల్వర్టు దగ్గర పడిన పద్నాలుగేళ్ల పిల్ల మాత్రం తెలియదు. ఆ పిల్లతో ఇరవై రెండేళ్లుగా ఒక ఇంట్లో ఉంటున్నాడు. అతనికి సిగ్గేసింది.

పదిహేడో రోజు పొద్దున, ఎండ ఇంకా గోడల మీదే ఉండగా, దుప్పటి తీసి బండిని వీధిలోకి నెట్టాడు. లోపలికి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"నువ్వు బండి నడుపుతుంటే నేనెప్పుడూ చూడలేదు. చూడాలనుంది."

ఆమె దారం తుంచుతూ ఆగింది. "ముప్పై ఏళ్లయింది. మర్చిపోయాను."

"గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి. మిగతాది అదే వస్తుంది."

"పడితే?"

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో అతని కళ్ల ముందు పద్నాలుగు పూతల నాచు రంగు మెదిలింది. "పడితే పడు" అన్నాడు చివరికి.

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి లేచింది. కొంగు నడుముకు చుట్టి దోపింది. బండి ఎక్కింది. తను కుట్టిన సీటు మీద తను కూర్చోవడం ఈ మూడేళ్లలో అదే మొదలు. మూడో కిక్కుకు ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని మాస్టారు పేపరు పట్టుకుని అరుగు మీదికి వచ్చారు. బండి కొంచెం ఊగి, నిలదొక్కుకుని, వీధి వెంట సాగింది. మెల్లగా, చాలా మెల్లగా. పల్చటి ఎండలో ఆమె వీపు, వెనక్కి వంగిన హ్యాండిలు, కొంగు అంచు గాలికి కదలడం చూస్తుంటే మేస్త్రికి తాను మేలుకొని ఉన్నాడో లేదో తెలియలేదు. ఆ రోడ్డు అతను కలలో చూసే రోడ్డులాగే ఉంది. ఇన్నేళ్లూ అది తన ఇంటి ముందే ఉందా అనుకున్నాడు.

వీధి చివర తిరిగి వస్తూ, మలుపులో ఎవరో ఇల్లు కడుతూ పోసిన ఇసుక మీద ముందు చక్రం జారింది. బండి ఎడమవైపు ఒరిగి, హద్దు రాయికి కొట్టుకుని పడిపోయింది. ఆమె అవతలికి పడింది.

మేస్త్రి పరుగెత్తాడు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. పడిన బండి గగ్గోలు పెడుతోంది, వెనక చక్రం గాల్లో తిరుగుతోంది, మూతలోంచి పెట్రోలు కారుతోంది. అతను దాన్ని దాటుకుని వెళ్లి ఇసుకలో ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఎక్కడ తగిలింది? కాలు కదుపు. కదుపుతున్నావా? ఏదీ, చెయ్యి చూడనీ."

"ఏమండీ, పెట్రోలు కారిపోతోంది. ముందు అది కట్టండి."

"పోనీ. ఈ మోకాలు చూడనీ."

"ఇంజను ఆపండి!"

"మాస్టారూ, ఆపండి!" అని వెనక్కి చూడకుండానే అరిచాడు. లెక్కల మాస్టారు పేపరు పారేసి వచ్చి, తెలియని మీటలన్నీ నొక్కి, ఎలాగో ఆపేశారు. బండి లేపడానికి అవస్థ పడుతూ, "నేను పడ్డప్పుడు ఈ మేస్త్రి ఏమయ్యాడో!" అని గొణుక్కున్నారు. ఎవరూ వినలేదు.

మోకాలు దోక్కుపోయింది, అంతే. అతను చొక్కా అంచుతో ఇసుక తుడుస్తున్నాడు. ఆమె ఆ తుడవడం చూసింది. చూస్తూ చూస్తూ ఏడ్చేసింది. మూడేళ్లుగా ఆగిన ఏడుపు అది, వీధి అని కూడా చూడలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు హడలిపోయి.

ఆమె కాదని తలూపింది. ఏడుపు మధ్యలోనే చెప్పింది. "ఆ రోజు అన్నయ్య పోస్టాఫీసులో చేరి రెండు నెలలు. కొత్త బండి. నేను దాన్ని రాయికి గుద్దేశాను. తంతాడనుకున్నాను. వాడు బండి వంక చూడనే లేదండీ. ఇలాగే కూర్చుని నా మోకాలు తుడిచాడు. ఇంటికెళ్లి కడిగినప్పుడు గానీ సొట్ట సంగతి వాడికి తెలియలేదు."

మేస్త్రి తుడిచిన మోకాలినే మళ్లీ తుడిచాడు.

ఆమె కుంటుకుంటూ, అతను ఒక చెప్పుతో, మాస్టారు బండి నెట్టుకుంటూ ఇల్లు చేరారు. కట్టు కట్టి, టీ తాగి, కుర్చీలో ఆమె కాలు చాపుకున్నాక అతను షెడ్డులోకి వచ్చి మంచం వేసుకున్నాడు. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. రోడ్డు మధ్యలో బండి నిలబడి ఉంది. గోడ లేదు. అతను తాపీగా ఎడమ పక్కకు నడిచాడు.

సాయంత్రం ఎవరో తట్టి లేపారు. ఆమె నేల మీద, బండి పక్కన, కట్టు కట్టిన కాలు చాపి కూర్చుని ఉంది. అతని చేయి పట్టుకుని ట్యాంకు మీద పెట్టింది. ఎడమ పక్క, పాతదానికి కొంచెం కిందగా, అరచేయి పట్టేంత పల్లం. రంగు లేచిపోయి రేకు బయటపడింది. అతనికి అప్పుడు తెలిసింది, తాను దాన్ని ఇప్పటిదాకా చూడనే లేదని.

"దీన్ని తీశారంటే ఊరుకోను" అందామె.

"నేనెందుకు తీస్తాను?" అని, బొటనవేలితో దాని అంచు మెల్లగా రుద్దుతూ కూర్చున్నాడు.